మాన్యువల్ గేర్ల కారును నెమ్మదించి ఆపడం

మాన్యువల్ గేర్ల కారును ఆపడం అనగా, డ్రైవరు స్వయంగా క్లచ్ తొక్కి గేర్లు మార్చవలసిన కారును వేగం తగ్గిస్తూ, ఇంజన్ ఆగిపోకుండా, కుదుపు లేకుండా నిలుపు స్థితికి తేవడం. ఆటోమేటిక్ కారులో ఈ పనికి ఒక్క బ్రేకు పెడల్ చాలును. గేర్ల కారులో బ్రేకు, క్లచ్, గేరు అనే మూడింటిని సరైన వరుసలో వాడవలసి ఉంటుంది. ఈ వరుసలో ముఖ్యమైన సూత్రం ఒకటే: ముందు బ్రేకు, చివర క్లచ్. క్లచ్ తొక్కనంతసేపు ఇంజన్ చక్రాలతో కలిసి ఉండి తానూ ఒక బ్రేకుగా పనిచేస్తుంది. క్లచ్ తొక్కిన క్షణం నుండి, లేదా న్యూట్రల్ వేసిన క్షణం నుండి, ఆ సహాయం పోయి భారమంతా బ్రేకులపై పడుతుంది. చదునైన రోడ్డుపై ఈ తేడా పెద్దగా తెలియదు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మాత్రం ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం.

మంగంపేట పరిసరాల రోడ్లు

మంగంపేట ఉమ్మడి కడప జిల్లాలో, ఓబులవారిపల్లె మండలంలో ఉన్న గ్రామం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినపుడు ఈ ప్రాంతం అన్నమయ్య జిల్లాలో చేరింది. ఇక్కడి ముగ్గురాయి (బెరైటీస్) నిక్షేపం ప్రపంచంలోని అతిపెద్ద నిక్షేపాలలో ఒకటిగా పేరుపొందింది. ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ ఈ గనిని నిర్వహిస్తున్నది. చమురు బావుల తవ్వకంలో వాడే బురద బరువుగా ఉండడానికి ముగ్గురాయి పొడిని కలుపుతారు. అందువలన ఈ ఖనిజానికి విదేశాలలో గిరాకీ ఉంది. గని నుండి పొడి మిల్లులకు, అక్కడి నుండి రేవులకు సరుకు తరలించే లారీలు ఈ ప్రాంతపు రోడ్లపై ఎక్కువగా కనిపిస్తాయి.

ఈ ప్రాంతానికి ప్రధానమైన రోడ్డు కడప నుండి ఒంటిమిట్ట, నందలూరు, రాజంపేట, రైల్వే కోడూరుల మీదుగా రేణిగుంటకు పోయే రహదారి. ఇది 716వ నంబరు జాతీయ రహదారిలో భాగం. కోడూరు దాటిన తరువాత ఈ రోడ్డు బాలపల్లె వద్ద శేషాచలం అడవులలో ప్రవేశించి, మలుపులతో సాగుతుంది. కడప నుండి రాయచోటికి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్, నంద్యాల నుండి గిద్దలూరుకు, ఆత్మకూరు నుండి దోర్నాలకు పోయే దారులలో నల్లమల ఘాట్లు, తిరుపతి వద్ద తిరుమల ఘాట్లు ఉన్నాయి. కాబట్టి కడప, కర్నూలు ప్రాంతాల డ్రైవరుకు చదును రోడ్డు, కొండ వాలు, బరువు లారీల రద్దీ అనే మూడు పరిస్థితులలోనూ బండి ఆపడం తెలిసి ఉండాలి.

కారు నిర్మాణం

భారతదేశంలో స్టీరింగ్ కుడివైపున ఉంటుంది. డ్రైవరు కాళ్ళ దగ్గర ఎడమ నుండి కుడికి క్లచ్, బ్రేకు, యాక్సిలరేటర్ పెడళ్ళు ఉంటాయి. ఎడమ కాలు క్లచ్‌కు మాత్రమే వాడతారు. కుడి కాలు బ్రేకుకు, యాక్సిలరేటర్‌కు వాడతారు. గేరు రాడ్డు, చాలా కార్లలో హ్యాండ్ బ్రేకు ఎడమ చేతి వైపున ఉంటాయి.

ఇంజన్‌కు, గేర్‌బాక్స్‌కు మధ్య క్లచ్ ఉంటుంది. పెడల్ తొక్కనప్పుడు స్ప్రింగుల ఒత్తిడి వలన క్లచ్ ప్లేటు ఇంజన్‌తో పాటు తిరిగే ఫ్లైవీలుకు గట్టిగా అంటుకొని ఉంటుంది. అపుడు ఇంజన్, గేర్‌బాక్స్, చక్రాలు ఒకే గొలుసులో ఉన్నట్లు కలిసి తిరుగుతాయి. పెడల్ తొక్కితే ప్లేటు విడిపోయి ఇంజన్, చక్రాలు వేటికవి తిరుగుతాయి. గేరు రాడ్డును న్యూట్రల్‌లో ఉంచినా ఫలితం ఇదే.

కారు నిలిచిపోయినా ఇంజన్ తిరుగుతూనే ఉండాలంటే ఈ విడదీత తప్పనిసరి. పెట్రోలు ఇంజన్ తనంతట తాను తిరగగల కనీస వేగం నిమిషానికి సుమారు 700 నుండి 900 చుట్లు. గేరులో ఉన్న కారు వేగం బాగా తగ్గితే చక్రాలు ఇంజన్‌ను ఈ కనీస వేగానికి దిగువకు లాగుతాయి. అపుడు బండి వణికి, ఇంజన్ ఆగిపోతుంది. ఈ స్థితి ఏ వేగంలో వస్తుందనేది గేరుపై ఆధారపడుతుంది. చిన్న పెట్రోలు కార్లలో ఇంచుమించుగా ఈ వేగాలు ఇలా ఉంటాయి:

మొదటి గేరు: గంటకు 6 కి.మీ.
రెండవ గేరు: గంటకు 10 కి.మీ.
మూడవ గేరు: గంటకు 15 కి.మీ.
నాల్గవ గేరు: గంటకు 20 కి.మీ.

అనగా మూడవ గేరులో వస్తున్న కారుకు వేగం గంటకు 15 - 20 కి.మీ.కు తగ్గే వరకు క్లచ్ తొక్కవలసిన అవసరం లేదు. కొత్తగా నేర్చుకునేవారు ఇంజన్ ఆగిపోతుందనే భయంతో 50 కి.మీ. వేగంలోనే బ్రేకుతో పాటు క్లచ్ కూడా తొక్కుతారు. ఈ భయానికి ఆధారం లేదు.

ఇంజన్ బ్రేకింగ్

గేరులో ఉన్న కారులో యాక్సిలరేటర్ నుండి కాలు తీసివేయగానే వేగం కొంత తగ్గుతుంది. దీనిని ఇంజన్ బ్రేకింగ్ అంటారు. పెట్రోలు ఇంజన్‌లో యాక్సిలరేటర్ వదిలినపుడు గాలి లోపలికి పోయే దారి దాదాపుగా మూసుకొనిపోతుంది. పిస్టన్లు ఆ ఇరుకు దారి గుండా గాలిని పీల్చడానికి శ్రమపడాలి. ఈ శ్రమ, ఇంజన్ లోపలి రాపిడి కలిసి చక్రాల వేగాన్ని అణచుతాయి. డీజిల్ ఇంజన్లలో గాలి దారి ఇంతగా మూసుకొనిపోదు. కనుక పెద్ద లారీలలో, బస్సులలో పొగ గొట్టాన్ని కొంత మూసి ఇంజన్‌పై ఒత్తిడి పెంచే ఎగ్జాస్ట్ బ్రేకును అమర్చుతారు.

గేరు ఎంత చిన్నదైతే ఇంజన్ బ్రేకింగ్ అంత బలంగా ఉంటుంది. చక్రం ఒక చుట్టు తిరిగేలోగా చిన్న గేరులో ఇంజన్ ఎక్కువ చుట్లు తిరగవలసి రావడమే దీనికి కారణం. అయిదవ గేరులో ఈ ప్రభావం స్వల్పం. రెండవ గేరులో స్పష్టంగా తెలుస్తుంది.

ఇంజన్ బ్రేకింగ్‌లో గమనించవలసిన విషయం ఒకటుంది. బ్రేకు పెడల్ తొక్కినపుడు వెనుక ఎర్ర దీపాలు వెలుగుతాయి. యాక్సిలరేటర్ వదిలినపుడు వెలగవు. కనుక వెనుక దగ్గరగా వాహనం వస్తున్నపుడు, గేరుతో వేగం తగ్గిస్తున్నా సరే, బ్రేకు పెడల్‌ను తేలికగా తాకి దీపం వెలిగించడం మంచిది.

ఆగడానికి పట్టే దూరం

వాహనం ఆగడానికి పట్టే దూరంలో రెండు భాగాలు ఉన్నాయి. అడ్డంకిని చూసి కాలు బ్రేకు మీదికి చేరేలోగా బండి పోయే దూరం మొదటిది. బ్రేకు పట్టిన తరువాత పోయే దూరం రెండవది. మొదటిది వేగంతో సమానంగా పెరుగుతుంది. రెండవది వేగపు వర్గంతో పెరుగుతుంది. అనగా వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగు రెట్లు అవుతుంది.

స్పందనకు 1 సెకను పడుతుందని, పొడి తారు రోడ్డుపై బలంగా బ్రేకు వేసినపుడు వేగం ప్రతి సెకనుకు సెకనుకు 7 మీటర్ల చొప్పున తగ్గుతుందని అనుకుంటే లెక్క ఇలా వస్తుంది:

గంటకు 40 కి.మీ.: 11 + 9 = 20 మీటర్లు
గంటకు 60 కి.మీ.: 17 + 20 = 37 మీటర్లు
గంటకు 80 కి.మీ.: 22 + 35 = 57 మీటర్లు
గంటకు 100 కి.మీ.: 28 + 55 = 83 మీటర్లు

తడి రోడ్డుపై పట్టు తగ్గి ఈ రేటు 4 మీటర్లకు పడిపోతే, 60 కి.మీ. వేగంలో బ్రేకు దూరం 20 నుండి 35 మీటర్లకు పెరుగుతుంది. అదే తడి రోడ్డు ప్రతి 100 మీటర్లకు 6 మీటర్లు దిగే వాలులో ఉంటే 41 మీటర్లు అవుతుంది. టైర్లు అరిగిపోయినా, డ్రైవరు అలసిపోయినా, ఫోను చూస్తున్నా ఈ దూరాలు ఇంకా పెరుగుతాయి.

రాయలసీమ రోడ్లపై పట్టును తగ్గించేవి వాన ఒక్కటే కాదు. ఎండాకాలమంతా పేరుకొన్న దుమ్ము, నూనె మరకలు తొలకరి చినుకులకు తడిసి జారుడు పొరగా మారతాయి. కొన్ని పల్లెల వద్ద వాహనాల చక్రాల కింద నలిగేందుకు ఉలవ వంటి పంటలను రోడ్డుపై పరుస్తారు. ఈ కట్టెపై గట్టిగా బ్రేకు వేస్తే చక్రాలు జారుతాయి. ఇటువంటి చోట్ల పరచిన పంట మీదికి ఎక్కక ముందే వేగం తగ్గించుకొని, దానిపై బ్రేకు వేయకుండా, గేరులోనే నెమ్మదిగా దాటవలెను.

సాధారణంగా ఆపే విధానం

చదునైన రోడ్డుపై, ముందుగా తెలిసిన చోట (కూడలి, రైల్వే గేటు, టోల్ గేటు మొదలైనవి) కారును ఆపేందుకు పాటించవలసిన వరుస ఇది:

1. లోపలి అద్దంలోను, ఆగే వైపు అద్దంలోను వెనుక వచ్చే వాహనాలను చూడాలి. రోడ్డు పక్కకు తీయవలసి ఉంటే ఎడమ ఇండికేటర్ వేయాలి.
2. యాక్సిలరేటర్ నుండి కాలు తీయాలి. గేరు మార్చకూడదు, క్లచ్ తొక్కకూడదు. ఇంజన్ బ్రేకింగ్ వలన వేగం తగ్గడం మొదలవుతుంది.
3. కుడి కాలితో బ్రేకును మొదట తేలికగా, తరువాత క్రమంగా గట్టిగా తొక్కాలి.
4. వేగం ఆ గేరు కనీస వేగానికి దగ్గర పడినపుడు, బండి వణకడం మొదలుకాక ముందే, ఎడమ కాలితో క్లచ్‌ను పూర్తిగా తొక్కాలి. బ్రేకు మీది కాలు తీయకూడదు.
5. బండి నిలవడానికి చివరి ఒకటి రెండు మీటర్లలో బ్రేకు ఒత్తిడిని కొద్దిగా సడలించాలి. లేకుంటే బండి ఆగిన క్షణంలో ముందుకు ఊగి వెనుకకు కుదుపు ఇస్తుంది.
6. బండి పూర్తిగా నిలిచాక హ్యాండ్ బ్రేకు వేసి, గేరును న్యూట్రల్‌లోకి తెచ్చి, క్లచ్ వదలాలి.

ఎక్కువసేపు నిలవవలసి వచ్చినపుడు మొదటి గేరులో క్లచ్ తొక్కిపట్టి ఉంచడం మంచిది కాదు. క్లచ్ బేరింగ్ అరుగుతుంది. కాలు పొరపాటున జారితే బండి ముందుకు దూకుతుంది. రోడ్డు దాటేవారు ముందున్నపుడు ఇది ప్రమాదకరం.

గేర్లు దించుతూ ఆపడం

ఆగే ముందు ప్రతి గేరునూ వరుసగా దించాలా అనే ప్రశ్న నేర్చుకునేవారికి తరచు వస్తుంది. ఇప్పటి కార్లలో ఇది అవసరం లేదు. పూర్తిగా ఆగడం ఖాయమైనపుడు ఉన్న గేరులోనే బ్రేకు వేసి, చివర క్లచ్ తొక్కితే సరిపోతుంది. బ్రేకు ప్యాడ్లు క్లచ్ ప్లేటు కంటే చవక. వాటిని మార్చడం కూడా సులభం. చదును రోడ్డుపై బ్రేకుల ఆదా కోసం క్లచ్‌ను అరగదీయడంలో లాభం లేదు.

ఆగవలసి వస్తుందో రాదో తెలియనప్పుడు మాత్రం గేరు దించడం అవసరం. మేకల మంద రోడ్డు దాటుతున్నది, బహుశా మనం చేరేసరికి దాటిపోతుంది అనుకుందాం. బ్రేకుతో వేగం తగ్గించి, కొత్త వేగానికి తగిన రెండవ లేక మూడవ గేరు వేసి, క్లచ్‌ను నెమ్మదిగా వదిలితే, కారు ఆగడానికీ సాగడానికీ రెంటికీ సిద్ధంగా ఉంటుంది. ఇక్కడ కూడా క్రమం ముఖ్యం. ముందు బ్రేకుతో వేగం తగ్గాలి, తరువాత గేరు దిగాలి. ఎక్కువ వేగంలో చిన్న గేరు వేసి క్లచ్ ఒక్కసారిగా వదిలితే ఇంజన్ చుట్లు ప్రమాదకరంగా పెరుగుతాయి. తడి రోడ్డుపై చక్రాలు జారే అవకాశం కూడా ఉంది.

గేర్లన్నీ వరుసగా దించే అలవాటు పాత బండ్ల నుండి వచ్చినది. తొలినాటి గేర్‌బాక్సులలో తిరిగే పళ్ళ చక్రాల వేగాన్ని సమం చేసే సింక్రోమెష్ ఏర్పాటు లేదు. ఈ ఏర్పాటును 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లలో ప్రవేశపెట్టారు. అది లేని బండ్లలో డ్రైవరు క్లచ్ తొక్కి న్యూట్రల్ వేసి, క్లచ్ వదిలి ఇంజన్‌ను కొద్దిగా రైజు చేసి, మళ్ళీ క్లచ్ తొక్కి చిన్న గేరు వేసేవాడు. దీనిని డబుల్ క్లచ్ అంటారు. పాత అంబాసిడర్ కార్లలో కూడా మొదటి గేరుకు సింక్రోమెష్ ఉండేది కాదు. ఆ కాలపు బ్రేకులు కూడా నేటి డిస్కు బ్రేకులంత బలమైనవి కావు. కాబట్టి ఆనాడు గేర్లు దించుతూ ఆపడం అవసరమైన నైపుణ్యం.

అత్యవసరంగా ఆపడం

అకస్మాత్తుగా అడ్డంకి ఎదురైనపుడు బ్రేకును శక్తికొద్దీ తొక్కాలి. గేరు గురించి ఆలోచించవలసిన పని లేదు. క్లచ్‌ను బండి నిలవబోయే ముందు తొక్కవచ్చు. తొక్కడం మరచిపోతే ఇంజన్ ఆగిపోతుంది, అంతకు మించి నష్టం లేదు. ముందుగా క్లచ్ మీదికి ధ్యాస పోయి బ్రేకు ఆలస్యమైతే మాత్రం నష్టం ఉంది. గంటకు 60 కి.మీ. వేగంలో అర సెకను ఆలస్యమంటే బండి 8 మీటర్లకు పైగా ముందుకు పోతుంది.

భారతదేశంలో తయారయ్యే కార్లకు 2019 ఏప్రిల్ నుండి ఏబీఎస్ తప్పనిసరి అయింది. ఇది చక్రం బిగుసుకొనిపోయి జారబోతున్నపుడు ఆ చక్రానికి బ్రేకు ఒత్తిడిని వెంటవెంటనే వదులుతూ, పట్టుతూ ఉంటుంది. దీని వలన గట్టిగా బ్రేకు వేసినపుడు కూడా స్టీరింగ్ తిప్పి అడ్డంకిని తప్పించే వీలుంటుంది. ఏబీఎస్ పనిచేసేటపుడు పెడల్ కాలి కింద అదురుతుంది. దానికి భయపడి కాలు తీయకూడదు. ఏబీఎస్ లేని పాత కార్లలో చక్రాలు బిగుసుకొని జారడం మొదలైతే బ్రేకును కొద్దిగా సడలించి మళ్ళీ తొక్కాలి. ఇసుక, కంకర వంటి వదులైన నేలపై ఏబీఎస్ ఉన్న కారుకు ఆగే దూరం కొంత పెరగవచ్చును.

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు

చదును రోడ్డుపై బ్రేకులు కారు వేగానికి చెందిన శక్తిని మాత్రమే వేడిగా మార్చవలసి ఉంటుంది. ఘాట్‌లో కారు ఎత్తుకు చెందిన శక్తిని కూడా మార్చవలసి ఉంటుంది. ఈ రెంటి మధ్య తేడా చాలా ఎక్కువ. 1000 కిలోల కారును 60 కి.మీ. వేగం నుండి ఒకసారి ఆపితే సుమారు 1.39 లక్షల జౌళ్ళ వేడి పుడుతుంది. తిరుమల నుండి తిరుపతికి దిగడంలో ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. అదే కారు ఈ ఎత్తు దిగితే వెలువడే శక్తి సుమారు 68.6 లక్షల జౌళ్ళు. అనగా 60 కి.మీ. వేగం నుండి దాదాపు 50 సార్లు ఆపినంత. ఇందులో గాలి, టైర్ల నిరోధం కొంత తీసుకుంటుంది. మిగిలినదానిని ఇంజన్, బ్రేకులు పంచుకోవాలి. న్యూట్రల్‌లో దిగితే ఇంజన్ వాటా సున్న.

బ్రేకులు అదేపనిగా వేడెక్కితే రెండు విధాలుగా విఫలమవుతాయి. ప్యాడ్లు, లైనింగులు అతిగా వేడెక్కి రాపిడి తగ్గిపోతే, పెడల్ గట్టిగానే ఉన్నా బండి ఆగదు. రెండవది, వేడి బ్రేకు ఆయిల్‌కు పాకి అది మరిగితే గొట్టాలలో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోతుంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నపుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. తేమ పట్టిన తరువాత ఈ ప్రమాణం 140 డిగ్రీలు మాత్రమే. డాట్ 4 రకానికి ఇవి 230, 155 డిగ్రీలు. ఆయిల్‌ను సాధారణంగా రెండేళ్ళకొకసారి మార్చమని తయారీదారులు సూచించడానికి కారణం ఇదే.

ఘాట్ దిగేటప్పుడు పాటించవలసిన పద్ధతి:

1. దిగుడు మొదలుకాక ముందే చిన్న గేరు వేయాలి. ఎక్కేటప్పుడు ఏ గేరు అవసరమవుతుందో దిగేటప్పుడు కూడా సుమారుగా అదే గేరు అనేది డ్రైవర్ల పాత నియమం. కారుకు సాధారణంగా రెండవ లేక మూడవ గేరు.
2. యాక్సిలరేటర్ వదిలి, ఇంజన్ పట్టుతోనే దిగాలి.
3. వేగం పెరిగినపుడు బ్రేకును గట్టిగా కొద్దిసేపు వేసి, వేగం తగ్గగానే పూర్తిగా వదలాలి. పెడల్‌పై కాలు అదేపనిగా ఆనించి ఉంచకూడదు. వదిలిన వ్యవధిలో బ్రేకులు చల్లబడతాయి.
4. మలుపులో ప్రవేశించక ముందే వేగం తగ్గించాలి. మలుపు మధ్యలో క్లచ్ తొక్కకూడదు.
5. కాలిన వాసన వచ్చినా, పెడల్ మెత్తబడినా, వెడల్పైన చోట బండి ఆపి బ్రేకులు చల్లారేవరకు ఆగాలి. వేడి డ్రమ్ములపై నీళ్ళు పోస్తే అవి పగిలే ప్రమాదముంది.

దిగుతుండగా బ్రేకు పూర్తిగా పోతే గేరును ఒక్కొక్కటిగా దించుతూ, హ్యాండ్ బ్రేకును బటన్ నొక్కిపట్టి కొద్దికొద్దిగా లాగాలి. ఒక్కసారిగా లాగితే వెనుక చక్రాలు బిగుసుకొని బండి అడ్డం తిరుగుతుంది. హారన్, హజార్డ్ లైట్లతో ఇతరులను హెచ్చరిస్తూ, లోయ వైపు కాక కొండ వైపున మట్టి కట్టను గాని, పొదలను గాని ఒరుసుకుంటూ ఆపే ప్రయత్నం చేయాలి.

తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో ప్రారంభమైంది. రెండవది 1970వ దశకంలో వచ్చిన తరువాత పాత దారిని దిగడానికి, కొత్త దారిని ఎక్కడానికి కేటాయించారు. వేగాన్ని అదుపు చేయడానికి ఇక్కడ ప్రయాణ కాలాన్ని నిర్ణయించే విధానం అమలు చేశారు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలి. అంతకు ముందే కింది గేటుకు చేరిన వాహనం అతివేగంగా వచ్చినట్లు లెక్క. ఎక్కడానికంటే దిగడానికి ఎక్కువ సమయం నిర్ణయించడం గమనించదగ్గది.

న్యూట్రల్‌లో దిగడం - అపోహ

ఇంధనం ఆదా అవుతుందని దిగుడులో న్యూట్రల్ వేసే అలవాటు చాలామందిలో ఉంది. కార్బ్యురేటర్ ఉన్న పాత కార్లలో ఈ అభిప్రాయానికి కొంత ఆధారం ఉండేది. భారతదేశంలో 2000 ప్రాంతంలో ఉద్గార నియమాలు కఠినమైన తరువాత కొత్త కార్లలో కార్బ్యురేటర్ స్థానంలో ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్ వచ్చింది. ఇటువంటి కారు గేరులో ఉండి, యాక్సిలరేటర్ వదిలి దిగుతున్నపుడు, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి గనుక కంప్యూటర్ ఇంధనాన్ని పూర్తిగా ఆపివేస్తుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజన్ ఆగిపోకుండా ఉండేందుకు ఇంధనం ఖర్చవుతూనే ఉంటుంది. కాబట్టి ఘాట్‌లో న్యూట్రల్ వలన ఆదా లేదు.

ఇంజన్‌నే ఆపివేసి దిగడం ఇంకా ప్రమాదకరం. కారు బ్రేకులకు బలాన్నిచ్చే బూస్టర్ ఇంజన్ కలిగించే శూన్యపు ఒత్తిడితో పనిచేస్తుంది. ఇంజన్ ఆగిన తరువాత రెండు మూడు సార్లు తొక్కేసరికి ఆ నిల్వ అయిపోయి పెడల్ రాయిలా గట్టిపడుతుంది. పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది. తాళంచెవి బయటికి తీస్తే స్టీరింగ్ లాకు పడిపోయే అవకాశం ఉంది.

ఎగువ వాలులో ఆగి కదలడం

కొండ ఎక్కేటప్పుడు వేగం దానంతట అదే తగ్గుతుంది గనుక బ్రేకు తక్కువ చాలును. క్లచ్‌ను మాత్రం ముందుగా తొక్కాలి. ఆగిన వెంటనే హ్యాండ్ బ్రేకు వేయాలి. బ్రేకు వాడకుండా క్లచ్‌ను సగం వదిలి, యాక్సిలరేటర్‌తో బండిని వాలులో నిలిపి ఉంచితే క్లచ్ ప్లేటు నిమిషాలలో కాలిపోతుంది. మళ్ళీ కదలడానికి మొదటి గేరు వేసి, క్లచ్‌ను అది పట్టుకొనే స్థానం వరకు వదిలి, ఇంజన్ శబ్దం మందగించగానే యాక్సిలరేటర్ ఇస్తూ హ్యాండ్ బ్రేకు దించాలి.

వాలులో బండి నిలిపి దిగిపోవలసి వస్తే హ్యాండ్ బ్రేకుతో పాటు, ఎగువ ముఖంగా ఉంటే మొదటి గేరు, దిగువ ముఖంగా ఉంటే రివర్స్ గేరు వేసి ఇంజన్ ఆపాలి. చక్రానికి రాయి అడ్డు పెట్టవచ్చు. తిరిగి బయలుదేరేటప్పుడు ఆ రాయిని రోడ్డుపై వదలిపోకూడదు.

బరువు లారీల వెనుక

ముగ్గురాయి చాలా సాంద్రమైన ఖనిజం. దీని సాపేక్ష సాంద్రత సుమారు 4.2 నుండి 4.5 వరకు ఉంటుంది. సాధారణ కంకర రాళ్ళకు ఇది సుమారు 2.7. అందుచేత ముగ్గురాయి లారీ బాడీ సగం కూడా నిండినట్లు కనిపించకపోయినా అనుమతించిన బరువంతా అందులో ఉండవచ్చు. వెనుక వచ్చే కారు డ్రైవరు అది దాదాపు ఖాళీ లారీ అని పొరబడే అవకాశం ఉంది. 25 టన్నుల లారీకి, అదే వేగంలో పోయే 1 టన్ను కారుకు ఉన్న శక్తికి 25 రెట్లు శక్తి ఉంటుంది.

దీని వలన కారు నడిపేవారికి కలిగే బోధలు రెండు. మొదటిది, లారీ ముందుకు దూరి వెంటనే బ్రేకు వేయకూడదు. కారు ఆగినంత తక్కువ దూరంలో లారీ ఆగలేదు. రెండవది, లారీ వెనుక ఎడం పాటించాలి. ముందున్న వాహనం ఒక చెట్టును గాని, కిలోమీటరు రాయిని గాని దాటిన తరువాత మన కారు దానిని చేరడానికి కనీసం 2 సెకన్లు, తడి రోడ్డుపై 4 సెకన్లు పట్టాలి. 60 కి.మీ. వేగంలో 2 సెకన్లంటే 33 మీటర్లు. ఘాట్‌లో చిన్న గేరుపై నెమ్మదిగా దిగే లారీ సరిగానే దిగుతున్నట్లు లెక్క. దానిని హారన్‌తో తొందరపెట్టడం తగదు.

చట్టంలో

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 15వ నియమం లైసెన్సు పరీక్షలో అభ్యర్థి చేసి చూపవలసిన పనులను చెబుతుంది. దిగుడులో త్వరగా చిన్న గేరుకు మారడం, ఎగువ వాలులో ఆపి వెనుకకు జారకుండా మళ్ళీ కదలించడం వీటిలో ఉన్నాయి. మైదానంలో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పి లైసెన్సు పొందినవారికి ఈ రెండు అంశాలలో అభ్యాసం చాలక పోవచ్చు.

అదే సంవత్సరపు రోడ్డు నిబంధనలు ముందు వాహనం హఠాత్తుగా ఆగినా ఢీకొనకుండా ఉండేంత ఎడం పాటించాలని, భద్రతకు అవసరమైతే తప్ప అకస్మాత్తుగా బ్రేకు వేయరాదని, ఇరుకైన కొండ దారిలో ఎక్కే వాహనానికి దిగే వాహనం దారి ఇవ్వాలని చెప్పాయి. చేతి సంకేతాలు కూడా వీటిలో ఉన్నాయి. నెమ్మదించేటపుడు కుడి చేతిని బయటికి చాచి, అరచేయి కిందికి ఉంచి, పైకి కిందికి పలుమార్లు ఊపాలి. ఆపేటపుడు కుడి ముంజేతిని బయట నిలువుగా పైకి ఎత్తాలి. బ్రేకు దీపాలు పనిచేయనపుడు ఈ సంకేతాలు ఇప్పటికీ ఉపయోగపడతాయి.

నేటి పరిస్థితి

భారతదేశంలో 2014లో మారుతి సెలెరియోతో, క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తమంతట తామే మారే చవకైన ఏఎంటీ కార్లు ప్రాచుర్యంలోకి వచ్చాయి. అయినప్పటికీ మాన్యువల్ కార్లు, జీపులు, సరుకు వాహనాలు రోడ్లపై విరివిగా ఉన్నాయి. ఆటోమేటిక్, ఏఎంటీ కార్లలో కూడా గేరును డ్రైవరు నిర్ణయించే స్థానం సాధారణంగా ఉంటుంది. ఘాట్ దిగేటప్పుడు దానిని వాడి చిన్న గేరులో దిగాలి. ఈ కార్లలో సైతం దిగుడులో న్యూట్రల్ వేయకూడదు.